మూడింటి బండి ఎక్కనివాళ్లు

లింగాల ఘనపూర్,
16 జులై 1978

చెల్లె మరియంకు,

బతికే ఉన్నావా? బడులు తెరిచి నెల దాటింది, నీ నుంచి ఒక్క కార్డు ముక్క లేదు. భూపాలపల్లి దాటి అడవిలోకి పోయినవాళ్లు చెట్లతోనే మాట్లాడడం నేర్చుకుంటారని మా అత్తమ్మ అంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు నిజమేనేమోనని భయం పట్టుకుంది.

నేను బాగానే ఉన్నాను. ఈ ఏడు నాకు నాలుగో తరగతి ఇచ్చారు. గది నిండా పిల్లలు, ఒకటే నల్లబల్ల. పక్క గదిలో నిర్మల అని కొత్త టీచరు. చంటిపిల్లకు చీరతో ఊయల కట్టి, అఆలు చెప్తూనే కాలితో ఊపుతూ ఉంటుంది. చూస్తే నవ్వూ వస్తుంది, పాపం అనీ అనిపిస్తుంది.

అసలు సంగతికి వస్తాను. మన టీచర్ల సంఘం జిల్లా మహాసభలు ఈసారి మహబూబాబాద్‌లో, డిసెంబరు చివరి సెలవుల్లో. మీ బావ జిల్లా కార్యదర్శి అయిన దగ్గర్నుంచి ఇంట్లో షామియానాలూ కుర్చీలూ తప్ప ఇంకో మాట లేదు. నిన్న అధ్యక్షులు చంద్రమౌళి సార్ ఇంటికొచ్చి ఛాయ్ తాగుతూ, "స్వాగత గీతం మాత్రం మరియం టీచరుతోనే రాయియ్యాలె. ఆమె పాట లేకుంటె సభకు కళనే లేదు" అన్నారు. మన ఆడవాళ్ల కోసం ముగ్గుల పోటీ, కుర్చీలాట కూడా పెడుతున్నారట. మేం చందా కట్టేది కుర్చీల చుట్టూ తిరగడానికేనా అని అడిగితే మీ బావ, "గదేంది, బహుమతి గూడ ఉన్నది గదా" అన్నాడు.

నీ తీర్మానం సంగతి కూడా అడిగాను. మూడేళ్లుగా పెడుతూనే ఉన్నావు. ఒక్క పంతులే ఉండే అడవి బడికి ఆడ టీచరును ఒంటరిగా పంపొద్దు, తోడు రెండో టీచరును, ఉండడానికి ఒక గదిని ఇవ్వండి అంటున్నావు. ఇందులో తప్పేముంది? మీ బావ "చూద్దాం" అన్నాడు. మా బాపు నాకు సైకిల్ కొనిస్తానని పదేళ్లు చెప్పింది కూడా ఆ చూద్దామే.

ఇంకో మాట. నిన్ను ఇటువైపు బదిలీ చేయించమని ఈయన ప్రాణం తోడేస్తున్నాను. అరవై తొమ్మిది ఉద్యమంలో ట్రైనింగు స్కూలు మూతపడి మనకు ఏడాది చదువు పోయింది. ఆ ఏడాదే పోలీసు వ్యానులో నువ్వు నా పక్కన కూర్చుని రోజంతా పాడావు. "ఆడపిల్లలు ఇండ్లకు పోండి, మొగోళ్లనే లోపలేస్తం" అని ఇన్‌స్పెక్టర్ అంటే, దిగేది లేదని కమ్మీ పట్టుకొని కూర్చున్నావు. అట్లాంటి దోస్తును అడవికి వదిలేసి నేను ఇక్కడ కడుపులో చల్ల కదలకుండా ఎట్లా ఉండను?

వెంటనే రాయి. రాయకపోతే బస్సెక్కి వచ్చేస్తాను, నీ బియ్యం అయిపోతాయి.

నీ అక్క
ఊర్మిళ


బోడగూడెం, భూపాలపల్లి మీదుగా,
9 ఆగస్టు 1978

ఊర్మిళక్కకు సలాం.

చెట్లతో మాట్లాడడం లేదు, అవి జవాబు చెప్పవు. వాగు పొంగి తోవ తెగింది. టపా మనిషి అవతలి ఒడ్డునుంచే తిరిగిపోతున్నాడు. నీ ఉత్తరం చేతికొచ్చేసరికి సగం సిరా నీళ్లపాలైంది. సైకిల్ అన్న మాట మాత్రం చక్కగా కనిపించింది.

నా బడి నీకు తెలుసు. గడ్డి కప్పు, తడిక గోడ, ఆ తడిక వెనకే నా మంచం. పగలు పిల్లలతో సందడిగానే ఉంటుంది. వాళ్లు పోయాక ఉలుకూ పలుకూ ఉండదు. పొరుగింటి పెంటమ్మ అప్పుడప్పుడు వచ్చి, "పంతులమ్మా, భయమైతె కేకెయ్యి" అని చెప్పి పోతుంది. ఆమె ఇంటికి నా కేక వినిపించదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తీర్మానం గురించి కూర్చుని ఆలోచించాను. మన నియమావళి ప్రకారం, తీర్మానం పెట్టినవాళ్లు ఓటు వేళకు సభలో లేకపోతే అది రద్దు. ఓటు ఎప్పుడు పెడతారు? పొద్దు గూకాక. మనం ఎప్పుడు వెళ్లిపోతాం? మూడింటి ప్యాసింజరుకు. ప్రతి ఏటా నా పేరు చదువుతారు, "హాజరు లేరు" అంటారు, కాగితం తిప్పుతారు. అబద్ధం కూడా కాదు, నేను కాజీపేట దగ్గర రైల్లో ఉంటాను.

ఇందులో నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, ఆడ సభ్యులను మూడింటికి వదలాలని పోట్లాడి సాధించింది మనమే. ఆ రోజు చప్పట్లు కొట్టి లడ్డూలు పంచుకున్నాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

అందుకే ఈసారి నేను మూడింటి బండి ఎక్కను. మా అమ్మ చెల్లెలు మహబూబ్‌బీ ఖాలా ఇల్లు మహబూబాబాద్‌లో స్టేషన్ పక్కనే. పెద్ద వరండా ఉంది. ఎంతమంది ఉండిపోయినా పడక తనదే అన్నది. నువ్వు ఉంటావా? మిగతావాళ్లను అడుగుతావా?

మొన్న జగపతి బావ సభ్యత్వాల పనిమీద భూపాలపల్లి వచ్చారు. కలిశాను. కాస్త చిక్కారు. అంతకంటే విశేషాలు లేవు.

మరియం


జనగామ,
24 సెప్టెంబరు 1978

చెల్లె మరియంకు,

జనగామలో సంఘం వర్క్‌షాపు నుంచి రాస్తున్నాను. బోధన సామగ్రి తయారు చేయడం నేర్పుతారట. వచ్చినాయన రెండు గంటలు మాట్లాడి, ఒక్క అట్టముక్క కూడా కత్తిరించలేదు. చివరికి నేను, నిర్మల కలిసి పాత చీరల అంచులతో అక్షరాలు కుట్టి చూపించాం. పిల్లలు వేలితో తడిమి నేర్చుకోవచ్చు. ఆయన "బాగున్నదమ్మా" అని ఆ గుడ్డలు తన సంచిలో వేసుకున్నాడు. అన్నాలప్పుడు మాత్రం "అమ్మలూ, జర వడ్డించుండ్రి" అని పిలుపు వచ్చింది. మగవాళ్లు విస్తళ్ల ముందు కూర్చున్నారు. మేం పప్పు గిన్నెలు పట్టుకొని తిరిగాం.

వడ్డిస్తూనే నీ మాట ఒక్కొక్కరి చెవిన వేశాను. మూడింటి బండి ఎక్కొద్దు అంటే ముందు అందరూ అవునన్నారు. తర్వాత "మా ఆయనను అడగాలె" అన్నారు. సుశీల టీచరు గొంతు తగ్గించి, "తుర్కోళ్ల ఇంట్ల పండాల్నా?" అంది. నాకు చర్రుమంది. "వాళ్లింట్ల పుట్టిన పాటకే నువ్వు ఏటా తాళమేస్తున్నవు గదా, అప్పుడు మైల కాలేదా?" అన్నాను. ముఖం మాడ్చుకుంది. పోనీ, వస్తుంది. ఆమె మంచిదే.

ఇప్పుడు అసలు శుభవార్త, గట్టిగా ఊపిరి పీల్చుకో. నీ బదిలీ దాదాపు అయిపోయింది! మా బడికే! మీ బావ నిన్న తనే చెప్పాడు. "నీ పోరు పడలేక చేసిన, ఇగ ఖుషీనా?" అన్నాడు. పెళ్లయి ఇన్నేళ్లలో నాకింత సంతోషం కలిగించే పని ఆయన చేయలేదు. నీకు ఇల్లు కూడా చూశాను. దర్జీ జలీల్ భాయి ఇంటి వెనక రెండు గదులు, గోడకు తెల్లసున్నం, వాకిట్లో బావి. మనిద్దరం కలిసి బడికి నడిచిపోవచ్చు.

నిర్మల మాత్రం రెండు రోజులుగా ముభావంగా ఉంటోంది. పిల్లకు ఒంట్లో బాలేదేమో. అడిగితే చెప్పదు.

పాట పంపు. వస్తూ తెచ్చినా సరే.

ఊర్మిళ


బోడగూడెం,
15 అక్టోబరు 1978

ఊర్మిళక్కకు,

పాట పంపిస్తున్నాను. వరుస పాతదే. ముఖ్య అతిథి ఎవరో తెలిశాక మూడో పాదంలో ఆయన పేరు పెట్టుకోండి.

వాకిట్ల సానుపు జల్లినమమ్మా
ముంగిట్ల ముగ్గులు వేసినమమ్మా
................... సారుకు స్వాగతమమ్మా
మా పిల్లల చేతుల పూలివిగొమ్మా

బదిలీ మీద నేను రాను. జలీల్ భాయికి చెప్పి ఆ గదులు వేరేవాళ్లకు ఇప్పించు. కారణాలు అడగొద్దు. ఇక్కడ పిల్లలు రెండో వాచకం సగంలో ఉన్నారు.

మరియం


లింగాల ఘనపూర్,
29 అక్టోబరు 1978

మరియంకు,

కారణాలు అడగొద్దా? నేనెవరిని అడగడానికి! నేను మీ బడి వాగును, మీ పెంటమ్మ మేకను. నాకెందుకు చెప్తావు!

నాలుగు నెలలు ఆయన చుట్టూ తిరిగాను. మా అత్తమ్మతో మాటలు పడ్డాను. "నీ దోస్తు ఎందుకంత, సొంత అక్కచెల్లెండ్లు లేరా" అని సాధించింది. జలీల్ భాయి భార్య నీకోసం పొయ్యి కొత్తగా అలికింది. నువ్వేమో రెండో వాచకం సగంలో ఉందంటావు. రెండో వాచకం ఎవరైనా చెప్తారు మరియం! ఆ అడవిలో నీకు ఏమన్నా అయితే నాకెవరు చెప్తారు?

ఏటా తీర్మానం రాసేది నువ్వే. ఒంటరిగా ఉండలేమని సంఘానికి చెప్పేదీ నువ్వే. దారి దొరికితే రానంటావు. అమ్మ పెట్టదు, అడుక్కొని తిననివ్వదు అన్నట్టుంది నీ వ్యవహారం. లేక నాకు దగ్గరగా ఉండడమే నీకు ఇష్టం లేదా? ఉన్నమాట చెప్పు, ఏడ్చి ఊరుకుంటాను.

నేను ఈ ఉత్తరం చింపేసి మళ్లీ రాయను. కోపంగా ఉంది, కోపంగానే పోస్టు చేస్తాను.

ఊర్మిళ


బోడగూడెం,
12 నవంబరు 1978

అక్కా,

నువ్వు చింపకపోవడమే మంచిదైంది. నేనే తప్పు చేశాను. నీ ఇంట్లో పొగ పెట్టకూడదని మాట దాచాను. దాస్తే పొగ ఇటు వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్తాను, విను.

జగపతి బావ భూపాలపల్లికి వచ్చింది ఒక్క సభ్యత్వాల కోసమే కాదు. బస్టాండు హోటల్లో ఛాయ్ తాగించి చెప్పారు. "మరియం, నిన్ను ఊర్మిళ బడికి ఏపిస్త. నువ్వు గా తీర్మానం మాత్రం ఈయేడు పెట్టకు. అడివి బళ్లల్ల ఆడోళ్లు వద్దంటె మొగ టీచర్లందరు నా మీద పడ్తరు. సంఘం రెండు ముక్కలైతది." కోపంగా కాదు, బతిమాలినట్టే చెప్పారు. ఆయన మాటలో కొంత నిజం కూడా ఉంది. నేను ఒక్కటే అడిగాను, మరి బోడగూడెం బడికి ఎవరు వస్తారని. ఆయన అటూ ఇటూ చూసి, "మీ ఊర్మిళ బళ్లె నిర్మల అని కొత్త పిల్ల ఉన్నది" అన్నారు.

నిర్మల నీకెందుకు చెప్పలేదో ఇప్పుడు తెలిసిందా? నువ్వు కార్యదర్శి భార్యవు.

నాకు రావాలని లేదనుకున్నావా? వాకిట్లో బావి అని రాశావు చూడు, ఆ ఒక్క మాట నాలుగుసార్లు చదువుకున్నాను. కానీ నేను పడుకునే ఈ తడిక వెనక ఆ చంటిపిల్ల ఊయల వేలాడుతుంటే, నీ పక్కన నడుస్తూ నేను ఏం మాట్లాడను అక్కా? అరవై తొమ్మిదిలో వ్యాను దిగలేదని నువ్వే గుర్తు చేశావు. దిగమన్నది పోలీసులైతే కమ్మీ పట్టుకున్నాం. ఇప్పుడు దిగమంటున్నది మనవాళ్లు. అంతే తేడా.

తీర్మానం పెడతాను. మూడింటి తర్వాత కూడా సభలో కూర్చుంటాను. నువ్వు బావతో తగాదా పెట్టుకోకు. ఇంత చెప్పాక ఈ మాట దండగే, నీ సంగతి నాకు తెలుసు.

మరియం


లింగాల ఘనపూర్,
26 నవంబరు 1978

నా బంగారు చెల్లెకు,

తగాదా పెట్టుకున్నాను. ఆయన అన్నం తింటున్నాడు. "నిర్మలను అడివికి పంపిస్తున్నరట?" అన్నాను. ముద్ద చేతిలోనే ఆగింది.

"నీ కోసమే చేసిన. నీ దోస్తు నీ దగ్గరికొస్తది. నిర్మలను రెండేండ్లల్ల మళ్ల ఇటేపిస్త. ఎవలికి నష్టం?" అన్నాడు.

"నిర్మల బిడ్డకు" అన్నాను.

"సంఘం నడుపుడంటె గిట్లనే ఉంటది. అందర్ని కలుపుకపోవాలె. నువ్వు గూడ తిన్నింటి వాసాలు లెక్కవెడితె ఎట్ల?" అన్నాడు. నాకు ఏడుపు వచ్చింది, ఏడవలేదు. వాసాలు లెక్కపెట్టడం లేదు, ఎక్కడ పుచ్చిపోయాయో చూపిస్తున్నాను అన్నాను. ఆయన చెయ్యి కడుక్కొని లేచిపోయాడు. మూడు రోజులుగా పెరుగు నేను వేస్తున్నాను, ఆయన తింటున్నాడు. మాటలు మాత్రం లేవు.

మర్నాడు నిర్మల దగ్గరికి పోయాను. నన్ను చూడగానే బిడ్డను దగ్గరికి లాక్కుంది. నాకు సిగ్గేసింది. "నువ్వెక్కడికి పోవు, మరియం రానన్నది" అని చెప్పాను. బిడ్డను ఒళ్లో సర్దుకొని, "అక్కా, నేను గూడ మూడింటి బండి ఎక్కను. బిడ్డను ఎత్తుకొనే వస్త" అంది.

సుశీల కూడా ఒప్పుకుంది. కాకపోతే అటుకులు, మంచినీళ్లు ఇంటి నుంచే తెచ్చుకుంటుందట. తెచ్చుకోనీ. మనిషి వస్తే చాలు.

నువ్వు ఒకరోజు ముందే వచ్చెయ్. ఈసారి కోపం లేదు, భయం మాత్రం ఉంది. సభలో నేను ఎన్నడూ నోరు విప్పలేదు మరియం. పాటలో పదిమందితో కలిపి తప్ప.

ఊర్మిళ


బోడగూడెం,
17 డిసెంబరు 1978

అక్కా,

గీతలు వంకరగా ఉంటే భయపడకు. చలిజ్వరం. దవాఖాన మాత్రలు పడ్డాయి, తగ్గుతోంది. లేచి నిలబడితే మాత్రం నేల తిరుగుతోంది. మహబూబాబాద్ రాలేను.

మొదటి రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. పిల్లలు వచ్చి చూశారు. తలుపు మూసి ఉంది. సెలవనుకొని సంతోషంగా ఎగురుకుంటూ పోయారు. వాళ్ల కేకలు నాకు వినిపిస్తున్నాయి, నా గొంతే పెగలలేదు. మూడో నాడు పెంటమ్మ నిప్పు కోసమని వచ్చి చూసింది. లేకపోతే ఏమయ్యేదో.

పడుకొని ఒక సంగతి గ్రహించాను. మన తీర్మానంలోనే తప్పుంది. "ఆడ టీచరు" అన్న మాట కొట్టెయ్. అడవి బడిలో ఏ టీచరూ ఒంటరిగా ఉండకూడదు అని రాయి. చలిజ్వరానికి ఆడామగా తెలియదు. నాకంటే ముందు ఇక్కడ పనిచేసిన సారు కూడా ఈ మంచం మీదే వణికి ఉంటాడు. మనం ఆయనను వదిలేసి రాశాం. జగపతి బావ భయం అక్కడే ఉంది.

నేను లేను కాబట్టి నా పేరు చదివితే చెల్లదు. నువ్వు నీ పేరుతో పెట్టాలి. నువ్వే.

మరియం


లింగాల ఘనపూర్,
2 జనవరి 1979

నా మరియంకు,

ముందు నీ ఒంటి సంగతి రాయి. తర్వాత ఇది చదువు. కాదు, ముందు ఇదే చదువు, నేను ఆగలేను.

పొద్దున సభ మొదలయ్యే వేళకు హార్మోనియం పెట్టుకొని మేమంతా వేదిక మీద కూర్చున్నాం. ముఖ్య అతిథి వచ్చారు, దండలు వేశారు. చంద్రమౌళి సార్ తల ఊపారు. నేను లేచి మైకు దగ్గరికి పోయాను. "పాట తప్పకుండ పాడుతం సార్. సభ అయిపోయినంక పాడుతం" అన్నాను.

అందరూ నవ్వారు. చంద్రమౌళి సార్ కూడా నవ్వి, "స్వాగతం ఎవలన్న ఆఖర్ల చెప్తరా అమ్మా?" అన్నారు.

"వచ్చినోళ్లకు ముందుగాల చెప్తరు సార్. మేం గిన్నేండ్లు వచ్చినట్టె లేదు, సగంలనే పోతున్నం. ఈసారి మేం వచ్చినం అని తేలినంక పాడుకుంటం" అన్నాను. నవ్వు ఆగిపోయింది. మీ బావ కాగితాల్లోకి తల దించుకున్నాడు.

మధ్యాహ్నం ముగ్గుల పోటీ అయింది. సుశీలకే మొదటి బహుమతి, స్టీలు గిన్నె. తర్వాత కుర్చీలాట కోసం ఆవరణలో కుర్చీలు గుండ్రంగా వేశారు. అప్పుడే ఒక వాలంటీరు పరుగెత్తుకొచ్చి, "అమ్మా, మూడింటి బండి టైమైంది, జల్ది కానీండ్రి" అన్నాడు. గేటు దగ్గర కొందరి భర్తలు సంచులు పట్టుకొని నిలబడ్డారు. ముగ్గురు నలుగురు వెళ్లిపోయారు. ఒకామె పోతూ పోతూ నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది, ఆమెను ఏమీ అనలేను. మిగతావాళ్లం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. నిర్మల బిడ్డను సంకనేసుకొని ఒక కుర్చీ ఎత్తింది. ఇక చూడు, తలా ఒకటి ఎత్తుకున్నాం. ఎత్తుకొని తిన్నగా ప్రతినిధుల సభలోకి పోయి ముందు వరసలో వేసుకొని కూర్చున్నాం. మాకు అక్కడ ఏనాడూ కుర్చీలు వేయలేదు కదా. బండి కూత వినిపించింది. సుశీల కళ్లు మూసుకొని దేవుళ్లందరినీ తలుచుకుంది కానీ లేవలేదు.

పొద్దు గూకాక తీర్మానాలు మొదలయ్యాయి. చదివేది మీ బావే. నీ పేరు చదివి, అలవాటుగా "హాజరు లేరు" అని కాగితం తిప్పబోయాడు.

"నేనున్న. గా తీర్మానం నా పేరుతోని పెడుతున్న" అని లేచాను.

ఆయన నన్ను చూశాడు. నెల రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట ఏమిటో తెలుసా? "మీ పేరు?" అన్నాడు. నియమం ప్రకారం అడగాలి కదా. సభ అంతా గొల్లున నవ్వింది. "ఊర్మిళ. లింగాల ఘనపూర్ శాఖ" అన్నాను. ఆయన రాసుకున్నాడు.

తీర్మానం చదవకముందే వెనకనుంచి ఒకాయన లేచి, "ఆడోళ్లు పోమంటె అడివంత మా నెత్తిమీదనా?" అని అరిచాడు. నాలుగువైపులా అవునవునన్నారు. నేను నీ ఉత్తరంలో మాటే చెప్పాను. "ఆడ టీచరన్న ముచ్చటే ఇందుల లేదు సార్. చలిజ్వరానికి ఆడ మగ తెల్వదు. ఏ టీచరూ ఒక్కరే ఉండొద్దంటున్నం. మీరు గూడ." తర్వాత నీ సంగతి చెప్పాను. పిల్లలు సెలవనుకొని ఎగురుకుంటూ పోయారన్న చోట ఆగి, మంచినీళ్లు తాగి, మళ్లీ చెప్పాను.

గూడూరు అవతల తండా బడిలో పనిచేసే హీర్యా సార్ లేచాడు. బక్కపలచని మనిషి. "నన్ను పాము కరిచింది. కట్టు కట్టెటోడు గూడ లేకుండె. పిల్లలే నన్ను ఎడ్లబండిల ఏసుకపోయిన్రు. నేను బలపరుస్తున్న" అని కూర్చున్నాడు.

చేతులెత్తమన్నారు. లెక్కపెట్టే అవసరం రాలేదు. అంతా అయ్యాక మీ బావ పెన్ను కింద పెట్టి, నెమ్మదిగా తన చెయ్యి కూడా ఎత్తాడు. అందరికంటే చివర ఎత్తాడు. అయినా ఎత్తాడు.

ఇక పాట. ముఖ్య అతిథి అప్పటికే వెళ్లిపోయారు. జంపఖానాలు చుడుతున్నారు. మేం లేచి నిలబడి అందుకున్నాం. మూడో పాదంలో ఎవరి పేరు పెట్టాలో ముందుగా అనుకోలేదు. నోటికి నీ పేరే వచ్చింది. "మరియం టీచరుకు స్వాగతమమ్మా" అన్నాను, అందరూ అందుకున్నారు. జంపఖానాలు చుట్టేవాళ్లు వదిలేసి నిలబడ్డారు. నువ్వు వినవలసింది మరియం.

మీ ఖాలా గుమ్మంలోనే నిలబడి ఉంది. "ముందుగాల తినుండ్రి, గెలిచిన్రో ఓడిన్రో తర్వాత చెప్పుండ్రి" అంది. సుశీల అటుకుల మూట విప్పింది. ఖాలా ఆ మూటను చూసి నొచ్చుకోలేదు, "నీకు కొత్త కుండల నీళ్లు వెట్టిన బిడ్డా" అంది. తెల్లారేసరికి సుశీల రెండో గ్లాసు ఛాయ్ అడిగి తాగింది. గెల్చుకున్న స్టీలు గిన్నె ఖాలాకే ఇచ్చేసి వచ్చింది.

మీ బావ పొద్దున స్టేషన్‌కు వచ్చాడు. నా సంచి అందుకొని, "మరియంకు మందులు పంపిచ్చినవా?" అన్నాడు. పంపించాను అన్నాను. బండిలో పక్కపక్కన కూర్చున్నాం.

నీ అక్క
ఊర్మిళ


బోడగూడెం,
6 జులై 1980

ఊర్మిళక్కకు సలాం.

తీర్మానం అయ్యాక ఏడాదిన్నర పట్టింది. జగపతి బావ పై ఆఫీసు మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగారో నువ్వు రాస్తూనే ఉన్నావు. పోయిన చలికాలం ధర్నాలో ఆయన నీ పక్కన కింద కూర్చున్నారని చదివి నవ్వుకున్నాను. ఆయన పట్టిన పట్టు వదలలేదు. నా సలాం చెప్పు.

నిన్న వాగు అవతల ఒక పిల్లవాడు రేకు పెట్టె నెత్తిన పెట్టుకొని నిలబడ్డాడు. మీసం ఇంకా సరిగ్గా రాలేదు. పేరు లక్ష్మీకాంత్, జనగామ వైపే. నేను ఈ ఒడ్డు నుంచి, "ఎవలు కావాలె?" అని కేకేశాను. "బోడగూడెం బడికి ఏసిన్రు. అక్కడ ఎవలన్న ఉన్నరా?" అన్నాడు. గొంతులో భయం. వచ్చిన కొత్తలో నేనూ ఈ వాగు దగ్గర అట్లాగే నిలబడ్డాను, అప్పుడు ఇటునుంచి జవాబు చెప్పేవాళ్లు లేరు. "ఉన్న, నేనున్న" అని గట్టిగా చెప్పాను.

కొత్త సారు వస్తున్నాడని కాగితం ముందే అందింది కాబట్టి పిల్లలకు పొద్దుటి నుంచే చెప్పి పెట్టాను. ఎర్రమట్టితో వాకిలి అలికారు, పెంటమ్మ ముగ్గేసింది. అతను నీళ్లు కారుతున్న పంచెతో ఒడ్డెక్కగానే అందరూ అందుకున్నారు.

వాకిట్ల సానుపు జల్లినమమ్మా
ముంగిట్ల ముగ్గులు వేసినమమ్మా
లక్ష్మీకాంతు సారుకు స్వాగతమమ్మా
మా పిల్లల చేతుల పూలివిగొమ్మా

ఇన్నేళ్లలో ఆ ఖాళీలో ఎంతమంది పెద్దల పేర్లు పెట్టామో నాకు గుర్తు లేదు. అతను పెట్టె దించి, ముఖం అటు తిప్పుకొని, భుజానికి కళ్లు తుడుచుకున్నాడు. "నేనొక్కన్నే ఉంటననుకున్న టీచర్" అన్నాడు.

పెంటమ్మ వాళ్లు బడికి దగ్గరగా వేసిన కొత్త పాకలో అతనికి మంచం వేయించాం. అక్కడి నుంచి కేకేస్తే ఇక్కడికి వినిపిస్తుందో లేదో నిన్న సాయంత్రం ఇద్దరం అరిచి చూశాం. వినిపిస్తుంది.

ఒకటో తరగతి అతనికిచ్చాను. మళ్లీ మహాసభలు భూపాలపల్లిలో అన్నారు కదా, నిర్మల బిడ్డను కూడా తీసుకురా. ఈసారి అందరి పడక మా బడిలోనే.

మరియం